పొజొలానా పుట్టిన రేవు: నేపుల్స్ చుట్టూ మూడు రోజుల పాఠం

సిమెంటు బస్తా మీద పి.పి.సి. అని మూడు అక్షరాలుంటాయి. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంట్. ఆ మధ్య మాట ఏమిటని వైవాలో అడిగితే "ఫ్లై యాష్ సార్" అని చెప్పి బయటపడతాం. జవాబు తప్పేం కాదు. కానీ ఆ మాట ఒక ఊరి పేరులోంచి వచ్చిందని మనకెవరూ చెప్పరు. ఇటలీలో నేపుల్స్ నగరానికి పడమటి పక్కన, మధ్యధరా సముద్రం ఒడ్డున పొట్సువోలి అనే రేవు పట్నం ఉంది. రోమన్లు దాన్ని పుతెయోలి అనేవారు. అక్కడి అగ్నిపర్వతపు బూడిదనే పొజొలానా అన్నారు.

ఈ నెల పాఠం ఆ ఊరి గురించి, దాని పెద్దన్న నేపుల్స్ గురించి, చుట్టుపక్కల శిథిలాల గురించి. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీదో, పై చదువుకో యూరప్ వెళ్ళే సీనియర్లు మనలో ఏటా ఉంటూనే ఉంటారు. అక్కడ మూడు రోజులు దొరికితే ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి, చూస్తూ ఏం ఆలోచించాలి అన్నదే ఈ వ్యాసం. వెళ్ళలేనివాళ్ళు మ్యాప్ తెరిచి పెట్టుకుని చదివినా సరిపోతుంది.

ముందుగా నేల సంగతి

మ్యాప్‌లో నేపుల్స్ అఖాతం చూడండి. నగరానికి తూర్పున వెసూవియస్ పర్వతం. అది అందరికీ తెలుసు. పడమట కొండలా కనిపించని ఇంకో అగ్నిపర్వతం ఉంది. పేరు కాంపి ఫ్లెగ్రెయి, అంటే మండే పొలాలు. ఒక శిఖరం లేదు. పన్నెండు పదిహేను కిలోమీటర్ల వెడల్పున నేల కుంగిపోయి ఏర్పడ్డ పెద్ద పళ్ళెం అది. సగం నేల మీద, సగం సముద్రం కింద. సుమారు 40 వేల ఏళ్ళ కిందట ఒకసారి, 15 వేల ఏళ్ళ కిందట ఇంకోసారి అది భారీగా పేలింది. రెండోసారి పడ్డ బూడిద గట్టిపడి పసుపు రంగు రాయిగా మారింది. ఆ రాయిని టఫ్ అంటారు. తేలిగ్గా ఉంటుంది, సులువుగా కోయొచ్చు. నేపుల్స్ పాత ఊరంతా దాంతో కట్టిందే.

పొట్సువోలి ఆ పళ్ళెం మధ్యలో ఉంది. నేపుల్స్ రెండు అగ్నిపర్వతాల నడుమ ఉంది. ఈ విషయం గుర్తు పెట్టుకుని నడవండి.

మొదటి రోజు: నేపుల్స్, పైనా కిందా

గ్రీకులు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో ఇక్కడ నెయాపొలిస్ అనే ఊరు కట్టారు. ఆ మాటకు అర్థం కొత్త ఊరు. అప్పటి నిలువు అడ్డ వీధుల గీతలు పాత పట్నంలో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. స్పక్కానాపొలి అనే సన్నటి పొడవాటి వీధిలో నడిస్తే మీరు నడిచేది రెండున్నర వేల ఏళ్ళ నాటి ప్లానింగ్ మీదే. పైన మూడో అంతస్తు నుంచి బట్టలు ఆరేసి ఉంటాయి, పక్కనే స్కూటర్ హారన్ కొడుతుంటుంది. 1995లో ఈ పాత పట్నాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

తర్వాత భూగర్భంలోకి వెళ్ళండి. గైడుతో తీసుకెళ్ళే టూర్లున్నాయి. కిందికి దిగగానే పెద్ద పెద్ద గదులు. గ్రీకులు ఇంటికి కావలసిన టఫ్ రాయిని ఇక్కడే కోశారు. రోమన్లు ఆ ఖాళీలను నీటి తొట్లుగా మార్చి కాలువలతో కలిపారు. పై ఇళ్ళలోంచి బావిలోకి బొక్కెన వేస్తే ఈ నీళ్ళే వచ్చేవి. 1884లో కలరా విజృంభించాక ఆ పాత నీళ్ళ ఏర్పాటును వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతుంటే జనం ఈ తొట్లలోనే తలదాచుకున్నారు. క్వారీ, వాటర్ ట్యాంక్, షెల్టర్, ఇప్పుడు టూరిస్టు స్థలం: ఒకే గుంతకు నాలుగు ఉద్యోగాలు.

పైకొచ్చి మునిచీపియో మెట్రో స్టేషన్‌కి వెళ్ళండి. ఆ స్టేషన్ కోసం తవ్వుతుంటే రోమన్ కాలపు చెక్క ఓడలు బయటపడ్డాయి. అంటే పాత రేవు ఉన్నది అక్కడే. ఇప్పుడు సముద్రం కాస్త అవతలికి జరిగింది.

మధ్యాహ్నం జాతీయ పురావస్తు మ్యూజియం. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. పాంపేలో, హెర్క్యులేనియంలో దొరికిన కుడ్యచిత్రాలు, మొజాయిక్‌లు, కంచు విగ్రహాలు చాలావరకు ఇక్కడికే చేరాయి. ఒక వస్తువు మాత్రం మనవాళ్ళు తప్పక అడిగి చూడాలి. జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు బొమ్మ. ఒంటి నిండా నగలు, పక్కన ఇద్దరు చిన్న పరిచారికలు. 1938లో పాంపేలోని ఒక ఇంట్లో దొరికింది. లక్ష్మి అని పేరు పెట్టారు కానీ యక్షి అయ్యుండొచ్చని పండితుల అభిప్రాయం. తల మీంచి కిందికి ఒక రంధ్రం ఉంది కాబట్టి అద్దానికి పిడిగానో, చిన్న బల్లకు కాలుగానో వాడి ఉంటారంటారు. ఇలాంటి దంతపు బొమ్మే మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది. అది శాతవాహనుల రాజ్యం, పైఠన్‌కు ఎంతో దూరం కాదు. మన కోటిలింగాలను, అమరావతిని ఏలిన ఆ శాతవాహనులే. ఆ బొమ్మ ఇంత దూరం ఏ దారిన వచ్చిందో మూడో రోజు తెలుస్తుంది.

రెండో రోజు: హెర్క్యులేనియం ముందు, పాంపే తర్వాత

వెసూవియస్ చుట్టూ తిరిగే చిన్న రైలు ఎక్కితే రెండు ఊళ్ళూ ఒకే లైనులో వస్తాయి. అందరూ నేరుగా పాంపేకి పోతారు. మీరు ముందు ఎర్కొలానో స్టేషన్‌లో దిగండి.

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలింది. ఆగస్టు 24 అని చాలాకాలం చదువుకున్నాం. 2018లో పాంపే గోడ మీద బొగ్గుతో రాసిన ఒక తేదీ దొరికాక అక్టోబరే అయ్యుంటుందన్న వాదన బలపడింది. మొదటి రోజు గాలి ఆగ్నేయంగా వీచడంతో బూడిద, నురుగురాయి అంతా పాంపే మీద పడ్డాయి. పడమటి వైపున్న హెర్క్యులేనియం మీద పెద్దగా పడలేదు. అక్కడి జనానికి కొంత వ్యవధి దొరికింది. చాలామంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సముద్రం ఒడ్డుకు, పడవలు దాచే రాతి కమానుల్లోకి చేరారు. అర్ధరాత్రి ప్రాంతంలో కాలే వాయువు, బూడిద కలిసిన ప్రవాహం కొండ మీంచి దూసుకొచ్చింది. 1980 నుంచి జరిగిన తవ్వకాల్లో ఆ కమానుల దగ్గర సుమారు 300 మంది అస్థిపంజరాలు దొరికాయి. ఇప్పుడు ఆ కమానుల ముందు నిలబడి తలెత్తితే ఊరిని కప్పేసిన గట్టి బూడిద గోడ కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఇరవై మీటర్ల మందం. దాని మీద ఇప్పటి ఊరు, బాల్కనీలు, కుండీల్లో పూలు.

అఖాతానికి అవతలి కొనన మిసేనుమ్‌లో రోమన్ నౌకాదళం ఉండేది. దాని అధిపతి ప్లినీ. ప్రకృతి శాస్త్రం మీద పెద్ద గ్రంథం రాసినాయనే. జనాన్ని కాపాడటానికి ఓడలు దింపి బయల్దేరాడు. ఒడ్డుకు చేరలేక స్టాబియే వైపు తిరిగి, అక్కడే చనిపోయాడు. ఈ కథంతా మనకు తెలిసింది ఆయన మేనల్లుడు తర్వాత రాసిన ఉత్తరాల వల్ల. అలాంటి పేలుడును ఇప్పటికీ ప్లీనియన్ పేలుడు అంటున్నాం.

హెర్క్యులేనియంలో కంప్యూటర్స్ వాళ్ళకు కూడా పని ఉంది. ఇక్కడి ఒక విల్లాలో వందల పాపిరస్ చుట్టలు బొగ్గులా మాడిపోయి దొరికాయి. విప్పితే పొడైపోతాయి. ఎక్స్‌రే స్కాన్ తీసి, కంప్యూటర్‌లో పొరలు విడదీసి, సిరా ఎక్కడుందో మెషిన్ లెర్నింగ్‌తో పట్టుకోవాలని వెసూవియస్ ఛాలెంజ్ అనే పోటీ పెట్టారు. 2023 అక్టోబరులో 21 ఏళ్ళ విద్యార్థి లూక్ ఫారిటర్ మొదటి మాట చదివాడు. ఊదా రంగు అని అర్థమొచ్చే గ్రీకు మాట అది. 2024 ఫిబ్రవరిలో యూసెఫ్ నాదర్, జూలియన్ షిల్లిగర్‌లతో కలిసి పెద్ద బహుమతి కూడా గెలిచాడు. విప్పని చుట్టలోంచి వచ్చిన ఆ పేరాలు సుఖం అంటే ఏమిటనే చర్చ. చేసింది మన వయసువాళ్ళే.

మధ్యాహ్నం పాంపే. చాలా పెద్దది, అన్నీ చూడాలనుకోవద్దు. వీధుల్లో నీటి ఏర్పాటును మాత్రం వెంబడించండి. ఊరికి ఎత్తైన వెసూవియస్ ద్వారం దగ్గర పంపిణీ గది ఉంది. అక్కడి నుంచి ఊరు కిందికి వాలుతుంది. ప్రతి పది మీటర్ల దిగుడుకు సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివాం కదా. సీసపు రేకును వంచి అతుకేసి చేసిన గొట్టాలు అంత ఒత్తిడికి ఆగవు. అందుకని మధ్య మధ్య నీటి స్తంభాలు కట్టి, పైన తొట్టిలోకి నీళ్ళు ఎక్కించి, మళ్ళీ కిందికి వదిలారు. ఒత్తిడి అక్కడికక్కడ తెగిపోతుంది. ఆ స్తంభాలు వీధి మలుపుల్లో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

ఇంకొకటి గమనించండి. చాలా గోడల్లో పాత రాతి మధ్య కొత్త ఇటుక అతుకులుంటాయి. పేలుడుకి సుమారు పదిహేడేళ్ళ ముందు పెద్ద భూకంపం వచ్చింది. అప్పుడు కూలినవి బాగుచేసుకుంటూ ఉండగానే కొండ పేలింది. నేల ముందే కదిలింది, కానీ ఆ కదలికను చదవడం అప్పటికి ఎవరికీ తెలియదు.

మూడో రోజు: పొట్సువోలి, బాయియా, మిసేనుమ్

పడమటి వైపు రైలెక్కితే అరగంటలో పొట్సువోలి. రోమ్ దగ్గర పెద్ద రేవు కట్టక ముందు రోమన్ల అసలు రేవు ఇదే. ఈజిప్టు గోధుమలు ఇక్కడే దిగేవి. తూర్పు దేశాల సరుకులు కూడా. మన తీరాల నుంచి ఋతుపవనాల గాలితో ఎర్ర సముద్రానికి, అక్కడి నుంచి ఒంటెల మీద నైలు నదికి, నదిలో అలెగ్జాండ్రియాకు, మళ్ళీ ఓడలో పుతెయోలికి. మిరియాలు, దంతం, సన్నటి బట్ట వచ్చిన దారి ఇది. మ్యూజియంలో చూసిన ఆ బొమ్మ ప్రయాణించిందీ బహుశా ఈ దారినే. మన మచిలీపట్నం ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్న బట్ట బాగా తయారవుతుందని ఆ కాలపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ చెబుతుంది. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు ఇండియాకు పోతున్నాయని వాపోయిన రోమన్ ఎవరో కాదు, నిన్న మనం కలిసిన ప్లినీయే.

అంత సరుకు దిగాలంటే సముద్రంలోకి కట్టడాలు కావాలి. ఇక్కడే బూడిద పనికొచ్చింది. సున్నం ఒక్కటే అయితే నీళ్ళలో గట్టిపడదు. బాయియా పరిసరాల్లో దొరికే పొడి కలిపితే నీళ్ళ కింద కూడా గట్టిపడుతుందని విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో రాశాడు. బూడిదలోని గాజులాంటి సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి బంధకంగా మారతాయి. చెక్క చట్రం సముద్రంలోకి దింపి, ఈ మిశ్రమం, టఫ్ ముక్కలు నింపేవారు. పాలస్తీనాలో సీజరియా రేవు కట్టినప్పుడు ఈ బూడిదను ఇక్కడి నుంచి ఓడల్లో అంత దూరం పంపారు. రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు మండగా మిగిలిన బూడిద మన సిమెంటులో చేసే పని కూడా ఇదే. బి.ఐ.ఎస్. ప్రమాణం ప్రకారం అది 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చు.

రోమన్ కాంక్రీటు వేల ఏళ్ళుంది, మనది యాభై ఏళ్ళకే పోతోంది, పాతవాళ్ళే గొప్ప అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. పూర్తిగా నమ్మకండి. వాళ్ళు లోపల ఇనుము పెట్టలేదు, కాబట్టి తుప్పు బాధ లేదు. ఇనుము లేదు కాబట్టి మన ఫ్లైఓవర్ కూడా వాళ్ళు కట్టలేరు. సముద్రపు నీరు లోపలికి ఇంకి కొత్త స్ఫటికాలు పెరగడం వల్ల ఆ కాంక్రీటు ఇంకా బిగిసిందని 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది. నేర్చుకోవలసింది అది.

ఇప్పుడు రేవు పక్కనే ఉన్న సెరాపిస్ గుడికి రండి. 1750లో బయటపడింది. పేరు గుడే కానీ అది రోమన్ల అంగడి. మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి మీద మనిషికి అందని ఎత్తులో ఒక పట్టీ అంతా తూట్లు తూట్లుగా ఉంటుంది. ఆ తూట్లు చేసింది రాయిని తొలుచుకుని బతికే సముద్రపు ఆల్చిప్పలు. అంటే ఆ స్తంభాలు కట్టాక అంత ఎత్తు దాకా సముద్రంలో మునిగి, పడిపోకుండా, మళ్ళీ పైకి వచ్చాయి. సముద్రం పెరిగి తగ్గలేదు, నేలే కుంగి లేచింది. చార్లెస్ లయెల్ 1830లో తన భూగర్భ శాస్త్ర గ్రంథానికి మొదటి బొమ్మగా ఈ స్తంభాలనే వేశాడు. ఏ కొలతకూ పరికరం లేని కాలానికి ఇదే స్కేలు.

ఈ నెమ్మది కదలికను బ్రాడిసైజం అంటారు. కింద శిలాద్రవం, దాని వాయువులు, వేడి నీటి ఒత్తిడి దీనికి కారణం. పక్కనే బాయియాలో రోమన్ ధనికుల విల్లాలు కుంగి సముద్రంలో కలిసిపోయాయి. ఇప్పుడు అది నీటి కింది పురావస్తు పార్కు. అడుగున గాజు ఉన్న పడవలో వెళ్ళి మొజాయిక్ నేలల మీద చేపలు తిరగడం చూడొచ్చు. అటు నేల లేచిన సంగతి కావాలంటే మోంటె నువోవొ చూడండి. 1538లో వారం రోజుల్లో పుట్టిన కొండ అది.

సాయంత్రానికి బాకోలి వెళ్ళి పిషీనా మిరాబిలిస్ చూడండి. మిసేనుమ్ నౌకాదళానికి తాగునీళ్ళ తొట్టి. 48 స్తంభాలు, 15 మీటర్ల ఎత్తు, కోటీ ఇరవై లక్షల లీటర్లకు పైగా పట్టేది. అగస్టస్ కాలంలో కట్టిన కాలువ దూరాన సెరీనో ఊటల నుంచి దారిలో ఊళ్ళకు ఇస్తూ ఇక్కడికి నీళ్ళు తెచ్చేది. లోపల గుడిలో ఉన్నట్టుంటుంది.

ఎవరూ లేని రెండు చోట్లు

పొట్సువోలిలో ఇంకొక చోటు మిగిలింది. రేవు మీద నిలబడ్డ గుట్ట, పేరు రియోనె తెర్రా. ఊరి అసలు పుట్టుక అక్కడే. 1970 మార్చిలో నేల లేవడం చూసి భయపడి అక్కడున్న సుమారు మూడు వేల మందిని ఖాళీ చేయించారు. పేలుడు రాలేదు. మళ్ళీ అక్కడ కాపురముండటానికి వాళ్ళెవరినీ రానివ్వలేదు. 1982-84లో నేల ఇంకో 1.8 మీటర్లు లేచింది. వేల కుటుంబాలను కదిలించి మోంటెరూషెల్లోలో కొత్త ఊరు కట్టారు. అప్పుడూ పేలుడు రాలేదు. రేవు అంచు మాత్రం నీటికి అంత ఎత్తున మిగిలిపోయింది. 2005 నుంచి నేల మళ్ళీ లేస్తోంది. ఇప్పటికి మీటరు దాటింది. చిన్న పడవల రేవులో పడవలు బురదలో కూర్చుంటున్నాయి. 2024 మేలో 4.4 తీవ్రతతో భూకంపం వచ్చి కొన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు.

హెర్క్యులేనియం కమానులను, రియోనె తెర్రాను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట హెచ్చరిక అందక మనుషులు పోయారు. ఇంకోచోట హెచ్చరిక ఇచ్చారు, ఏమీ కాలేదు, ఊరు పోయింది. ప్రాబబిలిటీ క్లాసులో రెండు రకాల తప్పులని బోర్డు మీద రాసుకుంటాం కదా, ఆ రెండూ ఇక్కడ రాళ్ళతో కట్టి ఉన్నాయి. ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ కాంపి ఫ్లెగ్రెయి ప్రమాద ప్రాంతంలో ఉన్నది సుమారు ఐదు లక్షల మంది.

1841లో స్థాపించిన వెసూవియస్ అబ్జర్వేటరీ, ప్రపంచంలో అన్నిటికన్నా పాత అగ్నిపర్వత పరిశీలన కేంద్రం, ఇప్పుడు ఈ నేలను మిల్లీమీటర్లలో కొలుస్తోంది. 2012 డిసెంబరు నుంచి హెచ్చరిక పసుపు రంగులో ఉంది. ఎరుపుకు మారితే 72 గంటల్లో అందరినీ తరలించాలి. ఏ ఊరివాళ్ళు ఇటలీలో ఏ ప్రాంతానికి వెళ్ళాలో ముందే రాసి పెట్టారు. ఇంత లెక్క ఉన్నా, ఎరుపు బటన్ ఎప్పుడు నొక్కాలో చివరికి మనిషే నిర్ణయించాలి. స్కాన్లు, సెన్సర్లు, మోడళ్ళు మనం తయారు చేస్తాం. అవతల దాన్ని నమ్మి ఇల్లు వదలాల్సింది పొట్సువోలిలో చేపలమ్ముకునే మనిషి.

ఆలోచించడానికి

1. సెరాపిస్ స్తంభాల మీద తూట్ల పట్టీకి కింద కొంత భాగం నున్నగానే ఉంది. అక్కడ ఆల్చిప్పలు ఎందుకు తొలవలేదు? (సూచన: మునిగినప్పుడు స్తంభాల అడుగున ఏం పేరుకుని ఉండొచ్చు?)

2. పాంపే నీటి స్తంభం పనిని మీ కాలేజీ ఓవర్‌హెడ్ ట్యాంక్ పనితో పోల్చండి. ఏది ఒత్తిడి పెంచడానికి, ఏది తగ్గించడానికి?

3. 1970లో రియోనె తెర్రాను ఖాళీ చేయించినవాళ్ళ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? జవాబు రాసే ముందు, ఆ గుట్ట మీద మీ నాయనమ్మ ఇల్లు కూడా ఉందనుకోండి.

మూడో ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మంచివి వచ్చే సంచికలో వేస్తాం.